నీరు స్నానం

మా ఆయనది ఇనుప సామాన్ల అంగడి. మేకులు, గడియలు, తలుపు బందులు, జాలీ చుట్టలు, అడిగిన కొలతకి కోసిచ్చే తీగలు అమ్ముతాడు. తమిళనాడులో మా ధర్మపురిలో సగం ఇళ్ళ తలుపులు తాను అమ్మిన బందుల మీదే తిరుగుతున్నాయని చెప్పుకుంటాడు. మా వంటింట్లో మాత్రం పెరుగు గిన్నె మీద జల్లెడ, జల్లెడ మీద రుబ్బురోలు పొత్రం. పదకొండేళ్ళుగా అదే ఏర్పాటు. పక్కింటి పిల్లి ఆ పొత్రాన్ని పక్కకి నెట్టడం నేర్చుకుంది గానీ, మా ఆయనకి జాలీ తలుపుల అలమారా ఒకటి చేసివ్వడానికి చేతులు రాలేదు. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "చేద్దాం లే."

ఆ "లే"ని పదేళ్ళు నమ్మాను. పదకొండో ఏడు మా ఇంటికి చించిల్లా వచ్చింది.

మా అమ్మాయి చెట్టికరైలో ఇంజనీరింగు చదివి, హోసూరులో ఉద్యోగం చేస్తూ హాస్టల్లో ఉంటోంది. ఆమె గదిలో ఉండే పిల్ల బెంగుళూరులో ముచ్చటపడి కొనుక్కున్న జంతువది. ఆ పిల్లకి పెళ్ళి కుదిరింది. అత్తగారింటికి దాన్ని తీసుకుపోయే వీల్లేక మా అమ్మాయికి అంటగట్టింది. సంగతి తెలిసి హాస్టలు వాళ్ళు కుదరదన్నారు. ఇంకేముంది, ఒక శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి తువాలు చుట్టిన ఐసు సీసా, ఎండుగడ్డి సంచి, ఒక బుట్ట పట్టుకుని బస్సు దిగింది. బుట్టలో బూడిద రంగు దూది ఉండ ఉంది. దానికి పెద్ద చెవులు, ఉడతకున్నట్టు తోక, మిలమిలలాడే నల్లటి కళ్ళు.

"ఎలుకను ఏంటికి తెచ్చినావే" అన్నాను.

"ఎలుక కాదుమా, చించిల్లా. చలి కొండల్లో ఉండే జాతి. వెయిల్ తాళలేదు" అంది.

"ఎండకి మనం మాత్రం తాళతామా."

నా మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. మా ఆయన అప్పటికే బుట్ట ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులని గుళ్ళో కూడా కుర్చీ అడిగే మనిషి. ఆయన వేలు చాపితే అది బుల్లి చేతులతో ఆ వేలు పట్టుకుని వాసన చూసింది. "కణ్ణు" అన్నాడు ఆయన. తమిళంలో పసిపిల్లల్ని పిలిచే ముద్దు మాట అది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో నన్ను "ఇదో" అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు. ఆ మాట విని నాకు కలిగినదానికి అసూయ అని పేరు పెట్టుకోవడానికి సిగ్గేసింది. ఎలుకని చూసి ఏడ్చే ఆడది ఎక్కడైనా ఉంటుందా అనుకున్నాను. ఉంటుంది.

మా అమ్మాయి రెండు రోజులుండి నియమాలన్నీ చెప్పింది. ఇల్లు పొడుగ్గా ఉండాలి, ఎందుకంటే అది గెంతుతుంది. జాలీ కన్నాలు సన్నగా ఉండాలి, లేకపోతే కాలు ఇరుక్కుంటుంది. కింద జాలీ పనికిరాదు, చెక్క ఉండాలి. ప్లాస్టిక్ పెడితే కొరికి మింగుతుంది. రంగు, వార్నిష్, జిగురు ఏవీ తగిలిన చెక్క వాడకూడదు. మా ఆయన చెవి మీద పెన్సిలు తీసి, అట్టముక్క మీద ఒక్కొక్కటీ రాసుకున్నాడు. నేను పెళ్ళయిన కొత్తలో సరుకుల పట్టీ చెబుతుంటే "నోటితో చెప్పు, గుర్తు పెట్టుకుంటా" అని ఉప్పు మరిచిపోయి వచ్చినవాడు ఈయనే.

ఆదివారం అంగడి మూశాక పెరట్లో పని మొదలుపెట్టాడు. అంగట్లో ఉన్న జాలీలన్నిటిలో మేలైనది తెచ్చాడు. తీగ తెగిన చోట్ల ఆకురాయితో రుద్ది, చీర కొంగు దానిమీద లాగి చూడమన్నాడు, ఎక్కడైనా పట్టుకుంటుందేమోనని. నా కొంగే. నేను లాగి చూపించాను. ఎక్కడా పట్టుకోలేదు. లోపల పైన్ చెక్కతో మెట్లు పెట్టాడు, ఒకదానికొకటి ఎదురెదురుగా, అది పైనుంచి పడినా మధ్యలో ఆగేట్టు. తలుపుకి స్టెయిన్‌లెస్ స్టీలు బందులు బిగించాడు.

"ఇనుపవి చాలవా" అన్నాను.

"తుప్పు పడితే అది నాకుతుంది, కడుపుకి చెరుపు" అన్నాడు.

నేను చేసిన ఉప్మాలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పని మనిషికి దాని కడుపు గురించి ఎంత చింతో.

ఆ బోను పెట్టడానికి తండ్రీకూతుళ్ళు ఇల్లంతా వెతికి నా కుట్టుమిషను గదిని ఎంచారు. ఉత్తరం వైపు గది, ఎండ పడదు. వీధిలో వాళ్ళకి జాకెట్లు కుట్టిపెడుతూ నేను మధ్యాహ్నాలు గడిపేది అక్కడే. మిషను వరండాలోకి వచ్చింది. అదే వారం ఆ గదికి ఏసీ వచ్చింది. ఎండాకాలం జాకెట్టు గుడ్డ మీద నా చెమట చుక్కలు పడకుండా మెడకి తువాలు చుట్టుకుని కుట్టానే, ఆ గదికి. "మనకేంటికి ఏసీ, కిటికీ తీస్తే గాలి రాదా" అన్న నోరే ఇప్పుడు "ఇరవై రెండు మీద పెట్టు, తగ్గించొద్దు, హెచ్చించొద్దు" అంది.

అంతటితో ఆగలేదు. బోను ఒక్కటే చాలదట. రోజుకొక గంట బయట ఆడుకోవాలట. బీరువా కింది సందుకి పలక కొట్టాడు. కరెంటు తీగలన్నీ ఇనుప గొట్టాల్లోకి దూర్చాడు. అది పడుకుని ఒళ్ళు చల్లబరుచుకోవడానికి నల్ల గ్రానైటు పలక తెచ్చి, అంచులు గుండ్రంగా అరగదీయించాడు. సాయంత్రం ఆరింటికల్లా అంగడి నుంచి వచ్చేవాడు. ఇంతకు ముందు ఎనిమిదిన్నర. గదిలోకి పోయి తలుపు వేసుకుని కాళ్ళు చాపుకుని కూర్చుంటే అది ఆయన భుజమెక్కి చెవి కొరికేది. నేను కాఫీ గ్లాసుతో తలుపు బయట నిలబడేదాన్ని.

"తలుపు తియ్యొద్దు, బయటికి దూకుతుంది. అక్కడే పెట్టు" అనేవాడు లోపలినుంచి.

ఊళ్ళో ఎవరికి పెళ్ళి కుదిరిందీ, ఎవరి జాకెట్టు చంకల దగ్గర చిరిగిందీ, అన్నీ తలుపుకి చెప్పాను. అటునుంచి "ఊఁ" అని వచ్చేది. ఆ "ఊఁ" నాకో దానికో తెలిసేది కాదు.

ఇక్కడ మా ఇంటి మాట ఒకటి చెప్పాలి. నేను కుప్పం ఆడపిల్లని. బళ్ళో తెలుగు చదివాను. ధర్మపురిలో మా అత్తగారి వాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ గడప దాటితే తమిళం. చదవడం, రాయడం కూడా తమిళమే. కొత్త కోడలిగా వచ్చిన నెలలో పక్కింటావిడతో వచ్చీరాని తమిళంలో "ఉప్పు అవసరం" అన్నాను, ఉప్పు కావాలని. తమిళంలో అవసరమంటే తొందర. పాపం ఆవిడ పొయ్యి మీద పాలు వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఉప్పు జాడీతో పరిగెత్తుకొచ్చింది. ఆ మాట మీద మా అత్తగారు పోయేదాకా నవ్వారు. తరవాత మా ఆయన, తరవాత మా అమ్మాయి. నేను ఏ మాట తప్పుగా విన్నా "అవసరం" అనేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళలో నాకు ఏ తమిళ మాటా కొరుకుడు పడకుండా మిగల్లేదు. అయినా ఆ పేరు పోలేదు.

ఇంకొకటి. రోజూ పొద్దున అంగడికి పోయే ముందు మా ఆయన దేవుడి గూటి దగ్గర నిలబడి నుదురు చూపిస్తాడు. నేను విభూతి పెడతాను. ఆ ఒక్కటీ నేను పెడితేనే పోతాడు.

చించిల్లాకి స్నానం నీళ్ళతో కాదు. అగ్నిపర్వతపు బూడిదలో దొర్లుతుంది. మా అమ్మాయి ఆ బూడిద డబ్బా ఒకటి తెచ్చిపెట్టింది. "ఒక్క చుక్క తడి తగలకూడదుమా, ఆ బొచ్చు ఆరదు, చలి పట్టి పోతుంది" అని నాకూ చెప్పింది. బూడిద తెల్లగా, మెత్తగా విభూతిలాగే ఉంది. తమిళంలో విభూతిని తిరునీరంటారు, మా ఇళ్ళల్లో వట్టి నీరు అంటే చాలు. అందుకని మా ఆయన దానికి "నీరు స్నానం" అని పేరు పెట్టాడు. బుధవారం, ఆదివారం వెడల్పాటి గిన్నెలో ఆ బూడిద పోస్తే అది బొంగరంలా తిరుగుతూ దొర్లేది. "రావే, వచ్చి చూడు, నీరు పూసుకుంటా ఉండాది" అని పిలిచాడు మొదటిసారి. పని ఉందన్నాను. వరండా వైపు కిటికీ సందులోంచి మొత్తం చూశాను.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నాకు తెలుసు అని చెప్పడానికి.

ఆ బుధవారం పొద్దున పిల్లి మళ్ళీ పెరుగు దొర్లించింది. వంటిల్లంతా తుడిచి, పెరట్లోకి పోయి చెప్పాను. మా ఆయన ఉప్పుకాగితంతో చెక్కముక్క నున్నగా చేస్తున్నాడు. బోనులో కొత్త మెట్టట. పాతదాని అంచు గరుకుగా ఉండి దాని పాదం ఎర్రబడిందట.

"పిల్లి మళ్ళా పెరుగు పడేసింది. నా అలమారా గతి ఏమి" అన్నాను.

"చేద్దాం లే" అన్నాడు. తల ఎత్తలేదు. చెక్క అంచు మీద వేలితో రాసి చూసుకుని మళ్ళీ రుద్దాడు.

నా ఒళ్ళు భగ్గుమంది. ఆయన నుదుటికి విభూతి పెట్టి పంపించాను.

మధ్యాహ్నం ఫోను చేశాడు. అంగడికి లోడు వచ్చింది, సాయంత్రం రావడం ఆలస్యమవుతుందన్నాడు. "ఈ పొద్దు బుధవారం. దానికి నీరు స్నానం చేపియ్యి. పది నిమిషాలు చాలు."

"సరి" అన్నాను.

ఫోను పెట్టేశాక ఆ మాట నాలో ఇంకోలా మోగింది. పుస్తకాల తెలుగులో నీరంటే నీళ్ళు. ఇంట్లో ఎవరమూ అలా అనం, నీళ్ళంటాం, తణ్ణి అంటాం. కానీ నేను బళ్ళో తెలుగు చదివినదాన్ని. నేను అలా విన్నానంటే ఎవరైనా నమ్ముతారు. ఇరవై ఆరేళ్ళుగా నాకు అంటించిన "అవసరం" ఒక్కసారి నాకు పనికొస్తుంది.

దాన్ని చంపాలని అనుకోలేదు. ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను. దాని సోకు ఒక్క పూట దిగితే చాలనుకున్నాను. సాయంత్రం ఆయన వచ్చి, ఆ దూది ఉండ తడిసి ముద్దయి, చిక్కు బొచ్చుతో వికారంగా ఉంటే చూసి, దీనికోసమా ఇంత చేశాను అనుకోవాలి. ఎలుకలు కాలవల్లో ఈదవా, దీనికేమవుతుంది అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మా అమ్మాయి చెప్పిన మాట గుర్తుకొచ్చింది. దాన్ని పక్కకి తోశాను.

బేసినులో గోరువెచ్చని నీళ్ళు పోశాను. బోను తలుపు తీసి పట్టుకోబోతే పై మెట్టుకి గెంతింది. ఒడిసి పట్టుకుంటే కుక్కపిల్లలా మొరిగింది, గుప్పెడు బొచ్చు నా చేతిలోకి ఊడొచ్చింది. అప్పటికైనా ఆగవలసింది. ఆగలేదు. రెండు చేతులతో పట్టి మెడ దాకా ముంచాను.

పైకి తీసేసరికి నా చేతిలో ఏమీ లేనట్టయింది. బొచ్చంతా ఒంటికి అతుక్కుపోయి, ఎముకలు కనిపించే పిడికెడు ప్రాణం. అంత లావూ బొచ్చే. ఇన్నాళ్ళూ నేను కుళ్ళుకున్నది దీన్ని చూసా అనిపించింది. అది వణికింది. మామూలు వణుకు కాదు, కుట్టుమిషను సూదిలా ఒకటే అదురు. ఏసీ ఇరవై రెండు మీద ఉంది. కట్టేశాను. కొంగులో చుట్టాను. తుడిచిన కొద్దీ లోపలినుంచి తడి వస్తోంది. పైన ఆరినట్టే ఉంటుంది, వేలు పెడితే అడుగున చల్లగా తగులుతుంది. ఆరదు అన్న మాటకి అర్థం అప్పుడు తెలిసింది. అది కళ్ళు సగం మూసింది.

ఆయనకి ఫోను చేశాను. "అది తడిసింది. రండి."

"ఎట్ల తడిసింది."

"మీరే కదా నీరు స్నానం అన్నారు."

ఆ మాట నోటికి ముందే వచ్చి కూర్చుంది. ఆయన ఫోను పెట్టేశాడు. పది నిమిషాల్లో బండి శబ్దం వినిపించింది.

లోపలికి వచ్చి బేసిను చూశాడు, నన్ను చూశాడు. తిట్టలేదు. కిటికీలు మూసి, పొడి తువాళ్ళు తెమ్మన్నాడు. మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషను తీసి, వేడి తగ్గించి, దూరంగా పట్టుకోమన్నాడు. ఆయన తువాలుతో అద్దుతూ, వేళ్ళతో కొంచెం కొంచెంగా బొచ్చు విడదీస్తుంటే నేను గాలి పట్టాను. పశువుల డాక్టరుకి ఫోను చేస్తే, ఇలాంటిదాన్ని నేను చూడలేదు గానీ, వెచ్చగా పెట్టి మేత తింటోందో లేదో గమనించండి అన్నాడు. మూసిన గదిలో ఇద్దరం చెమటలు కక్కుతూ మోకాలికి మోకాలు ఆనించి మూడు గంటలు కూర్చున్నాం. ఆయన పక్కన అంతసేపు కూర్చుని ఎన్నేళ్ళయిందో. నా బుద్ధి చూడండి, అది చావుబతుకుల్లో ఉంటే నాకు తోచింది ఇది.

సాయంత్రం మా అమ్మాయి వీడియో కాల్‌లో ఏడ్చింది. "నీళ్ళు తగలకూడదని ఎన్ని తూర్లు చెప్పినానుమా. ఏం చేసినావు నువ్వు."

నేను నోరు తెరిచేలోపల ఆయన ఫోను లాక్కున్నాడు. "అమ్మను ఏమీ అనొద్దు. నేనే నీరు స్నానం అన్నాను. ఆమె కుప్పం మనిషి, నీళ్ళు అనుకునింది. తప్పు నాది."

మా అమ్మాయి ముక్కు తుడుచుకుంది. "అయ్యో అమ్మా, ఇంకా నువ్వు అవసరంలోనే ఉండావా" అంది, ఏడుపులోనే నవ్వుతూ. నేను తల వంచుకున్నాను. సిగ్గుపడ్డానని అనుకుని ఉంటుంది.

మర్నాడు మధ్యాహ్నం దాకా అది మేత ముట్టలేదు. పై మెట్టు మీద మూలకి తిరిగి కూర్చుంది. ఆయన అంగడి తెరవలేదు. అన్నం కూడా ఆ గదిలోనే తిన్నాడు. రెండు గంటలప్పుడు ఒక గడ్డిపోచ జాలీలోంచి దూరిస్తే అది చాలాసేపు చూసి, అందుకుని, కొరికింది. ఆయన కళ్ళు తుడుచుకోవడం తలుపు దగ్గరనుంచి చూశాను. బతికింది అన్న సంతోషం నాకూ కలిగింది, అబద్ధం కాదు. ఆ కన్నీళ్ళు చూసి మంట కూడా కలిగింది, అదీ అబద్ధం కాదు.

అది మాత్రం నా సాకు నమ్మలేదు. ఇప్పటికీ నేను గది తలుపు తీస్తే మొరుగుతుంది.

ఆ తరవాత నేను అలమారా మాట ఎత్తలేదు. ఏ మొహం పెట్టుకుని ఎత్తను. పిల్లి ఇంకో రెండుసార్లు పెరుగు దొర్లించింది. తుడుచుకుని ఊరుకున్నాను. కాఫీ గ్లాసు తలుపు దగ్గర పెట్టి, ఊరి సంగతులేవీ చెప్పకుండా వచ్చేసేదాన్ని. రెండు మూడుసార్లు లోపలినుంచి "ఇదో" అని పిలిచాడు. "ఏమండి" అంటే ఏమీ లేదన్నాడు.

రెండు ఆదివారాలు గడిచాక పెరట్లో రంపం చప్పుడు వినిపించింది. దానికి ఇంకేదో కడుతున్నాడనుకున్నాను, ఊయలో ఉప్పరిగో. బట్టలు ఆరవేయడానికి పోయి చూస్తే చెక్కలు పొడుగ్గా, నా ఎత్తున ఉన్నాయి. నాలుగు అరలు. బోనుకి వాడగా మిగిలిన జాలీ. సాయంత్రానికి వంటింట్లోకి మోసుకొచ్చి, గోడకి ఆనించి, తలుపు బిగించడం మొదలుపెట్టాడు.

పదకొండేళ్ళు అడిగిన వస్తువు. నాకు సంతోషం రాలేదు. అడిగినప్పుడు రానిది అబద్ధానికి వచ్చింది. ఆ అలమారాలో రోజూ పెరుగు పెట్టుకుని తీసుకోవాలి నేను.

"నాకు తెలిసే చేసినాను" అన్నాను.

ఆయన స్క్రూ తిప్పుతూనే ఉన్నాడు. "ఏది."

"ఆ స్నానం. నీరంటే ఏమో తెలిసే నీళ్ళల్లో ముంచినాను."

"తెలుసు" అన్నాడు.

"ఎట్ల తెలుసు."

"దినామూ పొద్దున నీరు పెట్టమంటే బిందె ఎత్తుకొస్తావా నువ్వు."

ఆ మాట చెప్పినవాడి నుదుటి మీద పొద్దున నేను పెట్టిన విభూతి, చెమటకి కరిగి కనుబొమ్మ దాకా వచ్చి ఉంది. ఫోనులో నేను ఆ సాకు చెప్పిన క్షణం నుంచీ ఈయనకి తెలుసు. తెలిసే కూతురి ముందు తప్పు నెత్తిన వేసుకున్నాడు. తెలిసే మూడు గంటలు నా మోకాలి పక్కన కూర్చున్నాడు.

"మరి ఈ అలమారా ఏంటికి చేసినారు. నన్ను తిట్టాల్సింది కదా."

స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "భయమేసింది."

"నేను మళ్ళా దాన్ని ఏమైనా చేస్తానని?"

"అది కాదు. నువ్వు అడగడం మానేసినావు."

అంతే అన్నాడు. తలుపు వేసి, తీసి, మళ్ళీ వేసి చూసుకున్నాడు. గడియ మెత్తగా పడింది. నేను పెరుగు గిన్నె తెచ్చి రెండో అరలో పెట్టాను. పొత్రం తీసి రుబ్బురోల్లో వేశాను. తలుపు మూసి, జాలీ మీద చీర కొంగు లాగి చూశాను. ఎక్కడా పట్టుకోలేదు. తీగలన్నీ ఆకురాయితో రుద్దాడు, దానికి రుద్దినట్టే.

అప్పుడు బందులు కంటపడ్డాయి.

"ఇనుపవి వేసినారే" అన్నాను. "దానికి మాత్రం స్టీలువి."

ఆయన నన్ను చూశాడు. పెట్టెలో సామాన్లు సర్దుకుంటూ, నవ్వు ఆపుకుంటున్న గొంతుతో, "మారుద్దాం లే" అన్నాడు.